క్లారిసక్క తేల్చిన దశమభాగం

సభాధ్యక్షులు, మన కాప్లిన్ ఆర్మ్ సహకార బ్యాంకు పాలకవర్గం పెద్ద ఎల్‌డ్రెడ్ వార్డీ గారికి, మూడు రేవుల సంఘాలను ఒక్క పాత ట్రక్కుతో కాసుకొస్తున్న మన పాస్టరు గారికి, రేవులో ఇంకా మంచుగడ్డలు తేలుతున్నా అవతలి దీవి నుంచి ఫెర్రీ ఎక్కి వచ్చిన పెద్దలకు, పొద్దుటి నుంచి వంటగదిలో నిలబడి మనందరి పళ్ళేల్లో హామ్ ముక్కలూ బీట్‌రూట్ కలిపిన గులాబీ బంగాళాదుంపలూ సర్దిన స్త్రీల సమాజానికి, చివరగా కోటుకి పూలగుత్తి గుచ్చించుకుని ఎటు చూడాలో తెలియక టేబుల్ మీది గుడ్డ మడతలు లెక్కపెడుతున్న సోదరి క్లారిస్ బడ్జెల్ గారికి, ప్రభువు నామంలో వందనాలు.

నేను లేచి ఇక్కడికి నడిచి వచ్చేలోపల నా చేతికి ఒక చీటీ అందింది. ఆ చేతిరాత మీ అందరూ ఎరిగినదే, ఇరవై తొమ్మిదేళ్ళుగా మీ పాసు పుస్తకాల్లో చూస్తున్నదే. "ఏడు నిమిషాలు, హెడ్లీ. వడ్డీ లేదు" అని రాసి ఉంది.

(నవ్వులు)

నవ్వండి, పరవాలేదు. దానికి తోడు ఇంకో కాపలా కూడా పెట్టారు. దీవి వాళ్ళని తిరిగి తీసుకెళ్ళే ఫెర్రీ ఎనిమిదింటికి కదులుతుంది. దాని మీద రెండో అధికారిణి మా అమ్మాయి కెతూరా. సాయంత్రం రేవులో కనపడి, "నాన్నా, నువ్వు ఆమెన్ అన్నా అనకపోయినా ఎనిమిదింటికి తాడు విప్పేస్తా" అని చెప్పి వెళ్ళింది. కన్న కూతురు. కాబట్టి ఎల్‌డ్రెడ్ గారూ, మీరు ఆ గడియారం వంక అలా చూడనక్కర్లేదు, లోపల పెట్టుకోండి.

నన్ను ఎరగని వాళ్ళెవరైనా ఉంటే, నేను హెడ్లీ రైడౌట్‌ని. ముప్పై ఏళ్ళు పీతల పడవ మీద పనిచేశాను. బడి నన్ను ఏడో తరగతిలోనే ఒడ్డున దింపేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా వల కుట్టుకుంటూ బైబిలు వాక్యం చదివి నేర్చుకున్నదే. పాస్టరు గారు వేరే రేవుల్లో ఉండే ఆదివారాలు నేనే ప్రసంగపీఠం ఎక్కుతాను. నా ప్రసంగాల పొడుగు గురించి మీరు నాకు చెప్పనక్కర్లేదు. అదుగో ఆ మూల కూర్చున్న సెల్బీ హిస్కాక్, ఒకసారి నేను నోవహు ఓడ కట్టడం మొదలుపెట్టినప్పుడు బయటికి వెళ్ళి, తన పడవ ఇంజనుకి నూనె మార్చుకుని, చేతులు కడుక్కుని, ఓడ నీళ్ళలోకి దిగే వేళకి తిరిగొచ్చి ఆమెన్ చెప్పాడు. అడ్డంగా తల ఊపకు సెల్బీ, మోచేతి మీద నూనె మరక నేను చూశాను.

బ్యాంకు ఉద్యోగం నుంచి విరమిస్తున్న క్లారిసక్క గురించి మాట్లాడమన్నారు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఒకే సందులో పెరిగాం. ఇప్పటికీ నన్ను ఏరా అనే హక్కున్న మనిషి ఈ రేవులో ఆవిడ ఒక్కతే. ఆవిడ బ్యాంకులో ఏం చేసేదో పిల్లల్ని చదివించిన ప్రతి ఇంటికీ తెలుసు. మనం పిల్ల ఉయ్యాల్లో ఉన్ననాటి నుంచీ చదువు పొదుపు ఖాతాలో నెలకింత వేస్తాం. వేసినప్పుడల్లా సర్కారు డాలరుకి ఇరవై సెంట్లు కలుపుతుంది. పద్దెనిమిదేళ్ళకి పిల్ల కాలేజీకి బయల్దేరుతుంది. అప్పుడు ఆ కుండలోంచి పిల్ల చేతికి ఎప్పుడు, ఎంత, ఎవరి వాటాలోంచి ఎంత ఇవ్వాలో లెక్కగట్టడం క్లారిసక్క పని. సెయింట్ జాన్స్ పట్నంలో పెద్ద ఆఫీసు ఉంది, అక్కడ యంత్రాలున్నాయి, అయినా ఆవిడ ముందు పెన్సిలుతో వేసుకుని, తర్వాత యంత్రం తనతో ఏకీభవించిందో లేదో చూసేది.

ఏకీభవించకపోతే యంత్రానికి ఫోను చేసేది.

(నవ్వులు)

ఆవిడ దగ్గరికి జనం ఎలాంటి కోరికలతో వెళ్ళేవాళ్ళో చెప్తే గంట పడుతుంది. ఒక్కటి చెప్తాను. పేరు చెప్పను. ఆయన మోచేతికి నూనె మరక ఉంటుంది. కొడుకు చదువు డబ్బులోంచి మంచు మీద నడిపే బండి కొనాలని వచ్చాడు. పిల్లవాడు దాని మీదే కాలేజీకి వెళ్తాడు కనక అది చదువు ఖర్చేనన్నాడు. క్లారిసక్క కళ్ళజోడు తీసి, "కాలేజీ ఇక్కణ్ణించి ఐదొందల కిలోమీటర్లు. పిల్లాడు సెప్టెంబరులో చేరతాడు. మంచు డిసెంబరులో పడుతుంది. మొదటి మూడు నెలలూ గడ్డి మీద తోసుకెళ్తాడా?" అంది.

సరే. ఇంక నా సంగతికి వస్తాను. ఇక్కడిదాకా మర్యాదకి చెప్పింది, ఇక్కణ్ణించి చెప్పాల్సింది.

కెతూరాకి మూడేళ్ళప్పుడు నేనూ నా భార్య ఓలివూ కలిసి ఆ ఖాతా తెరిచాం. నెలకి యాభై డాలర్లు. తెరిచిన రోజున క్లారిసక్క నాకు వివరించబోయింది. "ఇందులో మూడు రకాల డబ్బు ఉంటుందిరా హెడ్లీ. మీరు వేసింది ఒకటి, సర్కారు కలిపింది ఒకటి, ఆ రెండూ కలిసి పెరిగింది ఒకటి. మూడింటికీ మూడు ధర్మాలు."

"ఖాతా ఒకటే కదక్కా?"

"ఒకటే."

"మరి మూడంటావేంటి? ఒకటైతే ఒకటి, మూడైతే మూడు."

ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది. "ఆదివారం పీఠం ఎక్కి త్రిత్వం గురించి గంటన్నర చెప్తావు, సోమవారం బ్యాంకుకొచ్చి మూడు ఒకటెలా అవుతాయని నన్నడుగుతావా?"

(నవ్వులు) పాస్టరు గారు కూడా నవ్వుతున్నారు, చూడండి.

ఆరోజు నోరు మూసుకుని వచ్చేశాను, కానీ నాకు అర్థం కాలేదు. అర్థం కాని మనిషి చేతిలో వాక్యం ఉంటే ఎంత ప్రమాదమో తర్వాత పదిహేనేళ్ళకి తెలిసింది.

అది తొమ్మిదేళ్ళ కిందటి వేసవి. కెతూరాకి సెయింట్ జాన్స్‌లో ఓడ నడిపే చదువుకి సీటొచ్చింది. కుండలో పద్నాలుగు వేల డాలర్లున్నాయి. మేం వేసింది తొమ్మిది వేలు, సర్కారుది పద్దెనిమిది వందలు, పెరిగింది మూడు వేల రెండొందలు. అదే వేసవి గాలివానకి చర్చి కప్పు ఉత్తరం వైపు రేకులు ఊడిపోయి, వానొస్తే గాయక బృందం గొడుగులు పట్టుకుని పాడేది. నేను జూలై నెలంతా ప్రథమఫలాల మీద ప్రసంగించాను. కోత కోసి కడుపు నిండా తిని మిగిలింది దేవుడికి పెట్టేవాడు కృతఘ్నుడనీ, కోసిన మొదటి పన, మొదటి కట్ట, దేవుడిదనీ గొంతు చించుకున్నాను. ఆఖరి ఆదివారం, ప్రసంగం వేడి మీద, ఎవరూ అడక్కుండానే, బల్ల గుద్ది చెప్పాను. మా కెతూరా చదువు డబ్బులో పదో వంతు, పద్నాలుగు వందల డాలర్లు, ఆ పిల్ల అందులో ఒక్క ముద్ద తినకముందే చర్చి కప్పుకి ఇస్తాను అన్నాను. హల్లెలూయలు మారుమోగాయి. ఓలివ్ ఒక్కతే పాటల పుస్తకంలో ఏదో వెతుక్కుంటోంది.

మర్నాడు పొద్దున్నే బ్యాంకు తలుపు తీసేసరికి నేను గుమ్మంలో ఉన్నాను.

"పద్నాలుగు వందలు తీసివ్వక్కా. ప్రథమఫలం."

"ఇవాళ కాదు. సెప్టెంబరులో పిల్ల కాలేజీలో చేరినట్టు ఉత్తరం వచ్చాక రా."

"అప్పుడిస్తే ప్రథమఫలం ఎలా అవుతుంది? చివరి ఫలం అవుతుంది."

"పిల్ల చేరకముందు నువ్వేసిన దాంట్లోంచి ఒక్క డాలరు తీసినా సర్కారు తన ఇరవై సెంట్లు వెనక్కి లాక్కుంటుంది. పద్నాలుగొందలకి రెండొందల ఎనభై. నువ్వు దేవుడికి ప్రథమఫలం పెడితే ఒట్టావాలో కూర్చున్న సర్కారు తన ప్రథమఫలం తనూ పట్టుకుపోతుంది. అన్నీ కలిపి పదహారొందల ఎనభై. పిల్ల మొదటి టర్ము గది అద్దె ఎంతన్నావు?"

పదహారు వందల యాభై. అది నాకు తెలుసు. కుండలో మిగిలేదంతా చదువు ఫీజులకే సరి, ఇంకో దారి లేదనీ తెలుసు. ఆ ఏడు పీతల ధర పడిపోయి ఉంది. గది లేకపోతే మా పిల్ల సెయింట్ జాన్స్‌లో పడుకునేందుకు చోటు లేదు, చోటు లేకపోతే చదువు లేదు. అంతా తెలిసే నేను ఏమన్నానంటే, "దేవుడు చూసుకుంటాడు, నువ్వు కాయితం ఇయ్యి" అన్నాను.

ఇప్పుడు ఆ మాట మీ ముందు మళ్ళీ అంటుంటే నా చెవులకే బాగోలేదు.



ఆవిడ వాదించలేదు. సొరుగు తీసి కాయితం ఇచ్చింది. "ఖాతా ఇద్దరి పేరునా ఉంది. ఓలివ్ సంతకం కూడా కావాలి" అంది. అదెంత పని అనుకున్నాను. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో ఓలివ్ నా మాటకి ఎదురు చెప్పింది లేదు. ఇంటికెళ్ళి కాయితం బల్ల మీద పెట్టాను.

ఓలివ్ రొట్టె పిండి పిసుకుతోంది. కాయితం మొత్తం చదివింది. "పెన్నేది?" అంది. కిటికీ గట్టున ఎప్పుడూ ఉండే పెన్ను లేదు. నా వాక్యం పక్కన ఉండే పెన్ను లేదు. సొరుగులో లేదు.

"ఇంట్లో ఒక్క పెన్నూ లేదు హెడ్లీ" అంది.

సరే, కొట్టుకెళ్ళి ఒకటి కొనుక్కొచ్చాను. "చేతులకి పిండి ఉంది, పొద్దున పెడతాలే" అంది. పొద్దున లేచేసరికి పెన్ను లేదు. రెండోది కొన్నాను. అదీ లేదు. మూడోది కొన్నప్పుడు కొట్టువాడు, "ఏంటి అన్నా, ప్రసంగాలు పుస్తకంగా వేస్తున్నావా?" అన్నాడు. నేను ఎలకల్ని అనుమానించాను. బోను పెట్టాను. బోనులో నా కాలి బొటనవేలు పడింది.

(పెద్దగా నవ్వులు)

చివరికి ఓలివ్‌ని చెయ్యిపట్టుకుని బ్యాంకుకే తీసుకెళ్ళాను. అక్కడ కౌంటరు మీద పెన్ను గొలుసుతో కట్టి ఉంటుంది కదా. గొలుసు సగానికి తెగి వేలాడుతోంది. పెన్ను లేదు. క్లారిసక్క గొలుసు వంక చూసి, "ఈ రేవులో ఏదీ నిలవట్లేదు" అంది. ఓలివ్ బూట్ల వంక చూసుకుంటోంది.

మరి నేనేం చేశాను? మగవాడు, అందులోనూ పీఠం ఉన్నవాడు, కోపం వస్తే ఏం చేస్తాడు? ప్రసంగించాను. ఆగస్టులో మూడు ఆదివారాలు, పేరు పెట్టకుండా, కానీ చెవులున్న ప్రతివాడికీ తెలిసేలా, క్లారిసక్క మీద ప్రసంగించాను. మొదటి వారం యజమాని ఇచ్చిన తలాంతు డబ్బు భూమిలో పాతిపెట్టిన దాసుడు. రెండో వారం పన్ను మెట్టు దగ్గర కూర్చున్న సుంకరి. మూడో వారం దేవాలయంలో రూకలు మార్చేవాళ్ళ బల్లలు, ఆ బల్లలు పడదోసినప్పుడు నా చెయ్యి తగిలి నీళ్ళ గ్లాసు నిజంగానే పడింది. ఆవిడ మూడు వారాలూ మూడో వరుసలో, ఎప్పటి చోటే, నోట్లో పిప్పరమింటు బిళ్ళ పెట్టుకుని కూర్చుని విన్నది. బయటికి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నాతో చెయ్యి కలిపింది. ఒక వారం కాదు, మూడు వారాలూ.

"మంచి వాక్యం హెడ్లీ. ఆ సుంకరి చివరికి పాపం శిష్యుడయ్యాడు కదా, అది చెప్పడం మర్చిపోయావు."

నేను పళ్ళు బిగించి వందనాలు చెప్పాను.

"ఓలివ్‌కి పెన్ను దొరికిందా?" అంది మెట్లు దిగుతూ.

సెప్టెంబరు ఆరో తారీఖున కెతూరా కాలేజీలో చేరింది. ఎనిమిదిన చేరినట్టు ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రమే, వింత చూడండి, కిటికీ గట్టు మీద ఒక పెన్ను ప్రత్యక్షమైంది. నేను ఆ రోజుల్లో దాన్ని ప్రార్థన ఫలం అనుకున్నాను. సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను.

(నవ్వులు)

మర్నాడు ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. క్లారిసక్క పెన్సిలు చెక్కుకుని, ఊదారంగు అట్ట పుస్తకం తెరిచి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, చిన్నపిల్లాడికి ఎక్కం చెప్పినట్టు చెప్పింది.

"మీరేసిన తొమ్మిది వేలు మీవి. ఎప్పుడు తీసినా మీవే, పన్ను లేదు. మిగిలిన ఐదు వేలు, సర్కారుదీ పెరిగిందీ కలిపి, పిల్ల కుండ. అది పిల్ల పేరునే ఇవ్వాలి, పిల్ల ఆదాయంగానే రాయాలి. ఆ కుండలోంచి తీసే ప్రతి డాలర్లో ముప్పై ఆరు సెంట్లు సర్కారువి, అరవై నాలుగు పెరిగినవి. ఇప్పుడు రెండు వేల ఐదొందలు ఇస్తున్నా. అంటే తొమ్మిదొందలు సర్కారువి, పదహారొందలు పెరిగినవి. గది అద్దె కట్టగా పుస్తకాలకి మిగుల్తుంది. ముందు పిల్ల కుండ ఖాళీ చెయ్యి, మీ కుండ జోలికి ఆఖర్న వెళ్ళు."

"అదేంటక్కా, ముందు కైసరు డబ్బా, సర్కారుదా?"

"రేపు పిల్ల చదువు మానేసిందనుకో, కైసరు తనది వెనక్కి అడుగుతాడు. నీ డబ్బు ఎవరూ అడగరు. ముందు ఎవరిది ఖర్చుపెడతావు?"

ఆ లెక్కకి తల ఊపాను. అయినా నా మొండితనం నాది. "సరే, మరి దశమభాగం? సంఘం ముందు మాటిచ్చాను" అన్నాను.

ఆవిడ పెన్సిలు మళ్ళీ తీసింది. ఇది మాత్రం సరిగ్గా వినండి, ఎందుకంటే ఇంత దైవజ్ఞానం నేను ఏ పీఠం మీదా వినలేదు.

"నెలనెలా ఆ యాభై ఎక్కణ్ణించి తెచ్చావు?"

"జీతంలోంచి."

"జీతం వచ్చిన రోజునే పదో వంతు తీసి పెట్టేవాడివి కదా, నాకు తెలుసు, చెక్కు నేనే మార్చేదాన్ని. అంటే ఆ తొమ్మిది వేలకి దేవుడికి ముందే కట్టేశావు. రెండోసారి కడితే అది భక్తి కాదు, లెక్క తప్పు. సర్కారుది నీది కాదు, పరాయి సొమ్ములో దశమభాగం ఇచ్చే అధికారం నీకు లేదు. పెరిగింది పిల్లది. ఇవ్వాలో వద్దో ఆ పిల్ల మనసు, దానికి నువ్వు సంతకం పెట్టలేవు." అని గీత గీసి, కింద రాసి, చీటీ చింపి నా చేతిలో పెట్టింది.

ఆ చీటీ ఇదుగో. తొమ్మిదేళ్ళుగా నా వాక్యంలోనే ఉంది. చదువుతాను. "హెడ్లీ రైడౌట్ దేవుడికి బాకీ: 0.00." కింద బ్యాంకు ముద్ర.

(చాలాసేపు నవ్వులు, చప్పట్లు)

దేవుడికి బాకీ లేదు, నిజమే. కానీ సంఘానికి మాట బాకీ ఉంది. పద్నాలుగు వందలు ఎక్కణ్ణించి తేను? నా దగ్గర ఉన్నది సుత్తి ఒక్కటే. ఎల్‌డ్రెడ్ గారు రేకులు అరువిచ్చారు, నేను ఆ సెప్టెంబరు నుంచి చలికాలం దాకా చర్చి కప్పెక్కుతూనే ఉన్నాను. ఒక బుధవారం కింద స్త్రీల ప్రార్థన జరుగుతోంది. మిల్‌డ్రెడ్ హిస్కాక్, సెల్బీ వాళ్ళావిడ, కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా ఈ పేద మందిరానికి పైనుంచి సాయం పంపు" అని ప్రార్థించింది. సరిగ్గా అప్పుడే చివికిపోయిన చెక్క మీద నేను కాలు మోపాను. పైకప్పు చీల్చుకుని నా రబ్బరు బూటు, మోకాలి దాకా, ఆవిడ నెత్తిమీదుగా దిగింది. మిల్‌డ్రెడ్ ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుని, "కొంచెం శుభ్రమైనది పంపు ప్రభువా" అంది.

(నవ్వులు. మిల్‌డ్రెడ్ లేచి వంగి వందనం చేస్తోంది.) ఆమెకి చప్పట్లు కొట్టండి.

ఆ క్రిస్మస్‌కి సెయింట్ జాన్స్ నుంచి కవరొచ్చింది. లోపల నూట అరవై డాలర్లు, ఒక చిన్న ఉత్తరం. "నాన్నా, వారాంతాల్లో కాఫీ కొట్లో పనిచేస్తున్నాను. ఇది కప్పు రేకుల అప్పుకి. పెరిగిన పదహారొందలకి పదో వంతు. నన్నెవరూ అడగలేదు." నేనా ఉత్తరం నిచ్చెన మీద నిలబడి చదివాను. కళ్ళు కనపడక ఆ రోజు మేకులు కొట్టడం మానేశాను. నేను బల్ల గుద్ది ఇవ్వబోయింది ఆ పిల్ల పడుకునే పక్క. ఆ పిల్ల చడీచప్పుడు లేకుండా ఇచ్చింది దశమభాగం. ఈ రెంటి మధ్యా తేడా నాకు అర్థం కావడానికి మధ్యలో ఒక పెన్సిలు అడ్డుపడాల్సి వచ్చింది.

ఇదంతా మీలో కొందరికి తెలుసు. ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ తెలియదు. నాకే మంగళవారం తెలిసింది.

క్లారిసక్క పోయిన వారం తన బల్ల సొరుగులు ఖాళీ చేసింది. మంగళవారం పొద్దున ఒక బిస్కెట్ డబ్బా మా ఇంటికి పంపింది. మూత మీద చీటీ అంటించి ఉంది. "ఓలివ్‌కి. దాచమన్నవి. 11." తెరిచాను. పెన్నులు. కిటికీ గట్టు మీద ఉండేది, నా వాక్యం పక్కన ఉండేది, కొట్లో కొన్నవి, దేనికి ఏ రంగు మూతో నేను గుర్తుపట్టగలను. పదకొండోదానికి గొలుసు ముక్క వేలాడుతోంది.

(నవ్వులు)

పదకొండు. పన్నెండుగురిలో ఇస్కరియోతు పోయాక మిగిలిన శిష్యుల్లా వరసగా పడుకుని ఉన్నారు. పన్నెండోదానితో సెప్టెంబరులో ఓలివ్ సంతకం పెట్టింది.

డబ్బా పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను. ఓలివ్ పిండి పిసుకుతోంది.

"నాతో అబద్ధమాడావా?"

"లేదే. ఇంట్లో పెన్ను లేదన్నాను. లేదు కదా."

"మరి ఎక్కడుందో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్నడగలేదు హెడ్లీ. ఎలకల్ని అడిగావు."

(నవ్వులు)

నేను కుర్చీలో కూలబడ్డాను. "కాదనొచ్చు కదా ఓలివ్. ఒక్క మాట, వద్దని" అన్నాను. తను పిండి మీద నుంచి కళ్ళెత్తకుండా, "నేను వద్దంటే నువ్వు వాక్యం తీస్తావు. అందులో నాకు జవాబు దొరికేలోపు పిల్ల సీటు పోతుంది" అంది.

నా చేతిలో వాక్యం ఉండటం చూసి నా ఇంట్లో మనిషి మాట్లాడటం మానేసిందని ముప్పై ఒక్కేళ్ళు నాకు తెలియలేదు. ఆమెది విధేయత అనుకుని గర్వపడ్డాను. ఆమె పోయి పెన్నులు క్లారిసక్క దగ్గర దాచుకోవలసి వచ్చింది. ఆ అక్క, మూడు ఆదివారాలు నా తిట్లు తింటూ, సొరుగులో పదకొండు సాక్ష్యాలు ఉంచుకుని కూడా, ఒక్క ముక్క బయటపెట్టలేదు. బయటపెట్టి ఉంటే నేను ఆరోజే నోరు మూసేవాణ్ణి. కానీ ఓలివ్ చిక్కులో పడేది. అందుకని పిప్పరమింటు చప్పరించింది.

(దూరంగా ఫెర్రీ కూత)

వింటున్నాను కెతూరా, వింటున్నాను. అది మొదటి కూత, ఇంకా పది నిమిషాలుంది, దీవి వాళ్ళు కూర్చోండి.

క్లారిసక్కా, నేను ఈ సాయంత్రం ఒక పని చేద్దామని వచ్చాను. నువ్విచ్చిన ఈ చీటీలో ఒక తప్పుంది. నీ ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో దొరికిన ఒకే ఒక్క తప్పు. నాకు బాకీ సున్నా అని రాశావు, సంఘం అంతటి ముందూ నేను నీకు పడ్డ బాకీ అందులో వెయ్యలేదు. దాని కింద నా చేత్తో రాసి, సంతకం పెట్టి, బ్యాంకు గోడకి అంటించేట్టు నీకు ఇచ్చేద్దామని అనుకున్నాను. మాట్లాడటం కంటే అది మర్యాదగా ఉంటుందని. ఓలివ్, ఆ డబ్బా నీ దగ్గరే ఉంది కదా, ఒక పెన్ను ఇలా పంపు.

(ఓలివ్ కూర్చున్నచోటు నుంచి: "కనపడట్లేదు హెడ్లీ." హాలంతా నవ్వులు, చాలాసేపు.)

డబ్బా నీ ఒళ్ళోనే ఉంది ఓలివ్.

("వెతకాలి.")

సరే. అర్థమైంది. ఈ స్త్రీల లెక్క ఎప్పుడూ నాకంటే ఒక అడుగు ముందే ఉంటుంది. రాసివ్వడం నాకు తేలికని ఆమెకి తెలుసు. పీఠం మీద నోటితో చేసినదాన్ని నోటితోనే తీర్చాలి.

అక్కా, నేను నిన్ను ఈ సంఘం ముందు మూడు ఆదివారాలు సుంకరివన్నాను. తప్పు నాది. కుండలో ఉన్నది నా బిడ్డ బతుకని నాకంటే ముందు నీకు తెలిసింది. నన్ను క్షమించు. ఓలివ్, నువ్వు కూడా. రేపటి నుంచి మన ఇంట్లో పెన్ను కిటికీ గట్టునే ఉండొచ్చు. వద్దనాలనిపిస్తే వద్దను. నేను వాక్యం తియ్యను. తీసినా, ముందు నీకు ఇస్తాను.

(క్లారిస్ గారు ఏదో చీటీ పంపుతున్నారు.) ఎల్‌డ్రెడ్ గారూ, ఇలా ఇవ్వండి.

"పదకొండు నిమిషాలు అయింది. నాలుగు ఎక్కువ. మాఫీ చేశాను. కూర్చో హెడ్లీ."

కూర్చుంటున్నానక్కా. వడ్డించిన చేతులకి, విన్న చెవులకి, మధ్యలో బయటికి వెళ్ళి నూనె మార్చుకోకుండా కూర్చున్న సెల్బీకి నా కృతజ్ఞతలు. దీవి వాళ్ళు ఇంక లేవండి, మా అమ్మాయి మాటంటే మాటే, రెండో కూతకి తాడు విప్పేస్తుంది. నాకు సెలవు.